పున్నాగ నిర్ణయము

నూజివీటిసీమ మామిడితోఁటలకుఁ బేరువడ్డ సీమ. ఎఱ్ఱమన్నుగల మెట్టనేలలమీఁద నీ తోఁటలు వ్యాపించి యున్నవి. చిరకాలము కృష్ణామండలమునఁ జేరియుండి, 2022వ సంవత్సరమున నేలూరు జిల్లాలోఁ గలిసిన యీ ప్రదేశమున మామిడి నెఱుఁగనివాఁడు లేఁడు. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, తోతాపురి యను భేదములను కాయ యాకారమునుబట్టియు, ముక్కునుబట్టియు, పీచునుబట్టియు, నలిపిన యాకు వాసననుబట్టియు నిచటి తోఁటకాపు నిర్ణయించును. అమరసింహుఁడు ఆమ్ర చూత రసాల పదములను సామాన్యనామములుగాఁ జెప్పి, మిక్కిలి పరిమళముగల దానికి సహకారమని ప్రత్యేకముగాఁ బేరిడెను. రసాలశబ్దమందలి రసమే చిన్నరసము పెద్దరసములను పేళ్లలో నేఁటికిని వినవచ్చుచున్నది. లక్షణమును జూచి పేరిడుట కోశకారునకును తోఁటకాపునకును సమానమైన ధర్మమని దీనివలనఁ దెలియుచున్నది.

అట్టి సీమయందే వేఱొక వృక్షము విషయమున లక్షణము విడిచి పేరుమాత్రము చెల్లుచున్నది. శరద్ఋతువు కడపట వేకువజామున వీథులలోను బడుల యావరణములలోను నిటారుగా నెదిగిన యొక చెట్టుక్రింద, పొడవైన కాడలుగల తెల్లని పూవులు పఱచినట్లు రాలియుండును. బాలికలు వాని నేఱి, సూదియు దారమును లేకయే కాడల నొండొంటితో నల్లి మాలలు చేయుదురు. ఈ చెట్టును జనులు పున్నాగ మందురు. కావ్యపాఠమున పున్నాగశబ్దము వచ్చినపుడు శిష్యుఁ డడుగఁగా గురువును తఱచుగా దీనినే చూపును. కాళిదాసు వర్ణించిన పున్నాగ మిదియేనా? అమరుఁడు దేవవల్లభమన్న దిదియేనా? కాదనియు, పూర్వుల పున్నాగము సముద్రతీరమునఁ బెరుగు పొన్నయే యనియు నిట నిరూపింపఁబడును.

శబ్దవిచారము

ముందుగా శబ్దము. పుంస్ శబ్దమునకు నాగశబ్దము పరమగునపుడు సంయోగాంతలోపముచే సకారము పోవును. నిలిచిన మకారమున కనుస్వారమును, దానికి వైకల్పికముగాఁ బరసవర్ణమైన నకారమును వచ్చి, పుంనాగ పున్నాగ యను రూపద్వయము సిద్ధించును. పుంస్కోకిలశబ్దమున వినవచ్చు సకార మిచట లేకుండుటకుఁ గారణము, ఆ కార్యమునకు నిమిత్తమైన ఖకారాది పరుషవర్ణము పరమందు లేకపోవుటయే. పురుషవ్యాఘ్రాదులవలె నిది యుపమితసమాసము. మగవారిలో నేనుఁగువంటివాఁడు, శ్రేష్ఠుఁడు అని యర్థము. ఈ యర్థమునఁ గావ్యములందుఁ బ్రయోగములును గలవు.

ఇంతవఱకు వ్యాకరణము తన పని నిర్దుష్టముగా నెఱవేర్చినది. కాని యీ ప్రక్రియ యంతయు నెఱిఁగినవాఁడును వనములోఁ బున్నాగమును గుర్తింపలేఁడు. రూపసిద్ధి వేఱు, వస్తుసిద్ధి వేఱు. అంతేకాదు. తమిళమున పున్నై, మలయాళమున పున్న, తెలుఁగున పొన్న యను పదము లొక్క వృక్షమునకే పేళ్లయి యుండుటను జూచి, ఈ దేశ్యపదమునే సంస్కృత మెత్తుకొని నాగశబ్దముతోఁ గూర్చి సంస్కరించెనని భాషాశాస్త్రజ్ఞులు కొంద ఱభిప్రాయపడిరి. అట్లైనచో పైని జూపిన విగ్రహము పదము పుట్టిన పిమ్మటఁ గల్పితమైన దగును. అట్లుగాక పొన్నయే పున్నాగమునుండి వచ్చిన తద్భవ మన్నను బాధ లేదు. ఏ మార్గమున వచ్చినను పున్నాగము, పొన్న యను రెండును నొక్క వస్తువునకే చెందుచున్నవి.

అమరకోశమున వనౌషధివర్గమందు పున్నాగమునకు పురుష, తుంగ, కేసర, దేవవల్లభ పదములు పర్యాయములుగాఁ జెప్పఁబడినవి. వీనిలో తుంగపదము చెట్టు పొడవును, దేవవల్లభపదము పూజార్హతను దెలుపును. ఇవి రెండును బహువృక్షసాధారణములు. నిర్ణయమున కుపకరించునది కేసరపదము. పూవు నడుమ నుండు పోఁగులకుఁ గేసరములని పేరు. ఏ పూవున నవి కంటికిఁ బ్రధానముగాఁ గనఁబడునో దానికే యీ పేరు తగును. అయితే యిందొక చిక్కు కలదు. ఆ వర్గమందే వకుళమునకును చాంపేయమునకును గూడఁ గేసరనామము చెప్పఁబడినది. వకుళ మనఁగాఁ బొగడ. దాని పూరేకులే సన్నని పోఁగులవలెఁ బెక్కుగాఁ జీలియుండును. చాంపేయ మనఁగా నాగకేసరము. దాని పూవు నడుమ బంగారువన్నె కేసరములు గుంపుగా నుండును. కనుక మూఁడిటికిని నీ పేరు సార్థకమే. పేరు సమానమైనపుడు వస్తువు లొక్కటియే యను భ్రాంతి కలుగుట సహజము. టీకాకారులు కొన్నియెడల వృక్షవిశేషమని చెప్పి విడుచుటచే నా భ్రాంతి తీఱక నిలిచినది. చెట్టని యెఱిఁగినవానికిఁ జెట్టని చెప్పుటచే నేమి ప్రయోజనము?

పూర్వపక్షములు

పున్నాగమని చెప్పఁబడు వృక్షములు పొన్నగాక నాలుగు గలవు. వాని నొక్కొక్కదానినిఁ బరీక్షింపవలెను.

మొదటిది నాగకేసరము. శాస్త్రజ్ఞులు దీనిని మెసువా ఫెర్రియా యందురు. రెండవపదము లాటినుభాషలో నినుమును దెలుపును. దీని చేవ యంత గట్టిది. నాలుగు తెల్లని రేకులును నడుమఁ బెక్కు పసుపుకేసరములును నుండుటచే నిది పొన్నకు మిక్కిలి దగ్గఱ. కాని దీని యాకులు సన్ననై కోసుగా నుండి, అడుగుభాగమునఁ దెల్లని పొడి పూసినట్లుండును. లేఁజిగుళ్లు ఎఱ్ఱగా నుండును. కాయ కొన మొనదేఱి, మొదట పుష్పకోశపు దళములు వీడక యంటియుండును. వానలు మెండుగాఁ గురియు కొండప్రాంతములు దీని నెలవు. ఇసుకనేల కాదు. అమరుఁ డొకే వర్గమున వేఱుగాఁ జదివిన దానిని పున్నాగముతో నేకము చేయుట కోశమునకే విరుద్ధము.

రెండవది సురపొన్న. ఇది పశ్చిమకనుమల చెట్టు. మామియా సురిగా యని దీని శాస్త్రీయనామము. దీని పూవులు కొమ్మలమీఁద నాకులు రాలిన కణుపులయందు గుత్తులుగుత్తులుగాఁ బుట్టును. మొగ్గ విచ్చునపుడు పుష్పకోశము రెండు చిప్పలుగాఁ జీలును. సుర యను విశేషణమే యిది పొన్న కంటె వేఱని చెప్పుచున్నది.

మూఁడవది సిందూరి. పాశ్చాత్యులు రచించిన సంస్కృతనిఘంటువులలోఁ గొన్నిట పున్నాగమునకు రొట్లేరా టింక్టోరియా యని యర్థము కలదు. అది కాంపిల్లకమను నెఱ్ఱని పొడి నిచ్చు చెట్టు. ఆ పొడి కాయమీఁది నూఁగునుండి రాలును. దాని పూవులు మిక్కిలి చిన్నవి, రేకులు లేనివి. ఆడుపూవులు నొకచెట్టునను మగపూవులు వేఱొకచెట్టునను బుట్టును. కవులు మెచ్చుటకుఁ దగిన పూవే దానికి లేదు. ఇట్టి దానికి దేవవల్లభమను పేరెట్లు పొసఁగును?

నాలుగవది నూజివీటిసీమలోనే గాక తెలుఁగునాఁట పెక్కుచోట్ల నేఁడు పున్నాగమని చెల్లుచున్న చెట్టు. దీనికే కాడమల్లె, ఆకాశమల్లె యనియుఁ బేళ్లు గలవు. ఇది బర్మా మొదలగు తూర్పుదేశముల చెట్టు. లిన్నేయసు కుమారుఁడు 1782లో దీనికి మిల్లింగ్టోనియా హార్టెన్సిస్ అని నామకరణము చేసెను. దీని యాకు చీలికలు చీలికలుగాఁ బెక్కు చిన్నయాకుల కూడికయై యుండును. పట్ట బెండువలె మెత్తగా బీఁటలువాఱును. పూవు సన్నని పొడవైన గొట్టము. అంచున నైదు తునుకలుగాఁ జీలి, వానిలో రెండు కొంతవఱకుఁ గలిసియుండుటచే నాలుగు రేకులవలెఁ గనఁబడును. కేసరములు నాలుగే. అవియు గొట్టపు మూతికడఁ గొంచెముగా మాత్రమే కనఁబడును. రాత్రివేళ విచ్చి వేకువకు రాలును. మనదేశమున నిది కాయ కాచుట యరుదు. వేళ్లనుండి వచ్చు పిలకలచేతనే తఱచుగా వ్యాపించును. కేసరములు నాలుగే కలిగి, అవియు మఱుఁగుపడియున్న పూవునకుఁ గేసరమని పేరిడుట ముక్కు కనఁబడనివానిని దీర్ఘనాసికుఁడని పిలుచుటవంటిది.

సిద్ధాంతము

ఇఁక పొన్న. కాలోఫిల్లమ్ ఇనోఫిల్లమ్ అని 1753లో లిన్నేయసు దీనికిఁ బేరిడెను. గ్రీకుభాషలో కాలోస్ అనఁగా సుందరము, ఫిల్లోన్ అనఁగా నాకు. రెండవ పదము నారలుగల యాకు నెఱిఁగించును. ఈ నామమునందే సగము లక్షణ మిమిడియున్నది. ఆకులు కొమ్మపై నెదురెదురుగా జంటలై పుట్టును. అవి దళసరివి, నున్ననివి, నూనె పూసినట్లు మెఱయునవి. కొన గుండ్రముగా నుండును. నడిమియీనెనుండి యిరుప్రక్కలకు లెక్కింపరాని సన్నని యీనెలు దువ్వెనపండ్లవలె దగ్గఱదగ్గఱగా, సమానాంతరముగా నంచువఱకుఁ బోవును. ఆకు త్రుంచినచో జిగురుపాలు కాఱును.

పూవు లాకుల మొదళ్ల గుత్తులుగా వ్రేలును. తఱచుగా నాలుగు తెల్లని రేకులుండును. నడుమ నూర్లకొలఁది పసుపుకేసరములు కుచ్చువలె నిండి, వాని మధ్య గులాబివన్నె గల గుండ్రని యండకోశమును, దానిపై నొక్కటే కీలమును నిలుచును. మామిడిపూవును జూచినవారి కీ భేదము చక్కఁగాఁ దెలియును. మామిడిపూవునఁ బుప్పొడి నిచ్చు కేసరము సాధారణముగా నొక్కటియే. పొన్నపూవున నవి యసంఖ్యములు. ఈ పూవును జూచిన కోశకారుఁడు కేసరమని పేరిడకుండుట దుర్ఘటము.

కాయ గుండ్రముగా గోలీవలె నుండి, పచ్చగాఁ బెరిగి, పండి యెండినపుడు ముడుతలు పడును. లోన గట్టి పెంకు, దానిలో నొక్కటే గింజ. ఆ గింజ బరువులో సగమునకు మించి నూనె యుండును. పూర్వము తీరవాసులు దీనిని దీపములకు వాడిరి. చెట్టు చేవ యోడలకును స్తంభములకును బనికివచ్చెను.

తార్కికరీతిని లక్షణము చెప్పవలెనన్నచో నిట్లు చెప్పవచ్చును. సువాసనగల తెల్లపూవు పున్నాగ మన్నచో కాడమల్లె మొదలుకొని మల్లెవఱకు నతివ్యాప్తి. నాలుగు రేకులు గలది యన్నచో, ఒక్కొకప్పు డెక్కువ రేకులుగల పొన్నపూవులు గనఁబడుటచే నవ్యాప్తి. బహుకేసరములు గలది యన్నచో నాగకేసరమున నతివ్యాప్తి. కావున వెడల్పైన యెదురాకులును, దువ్వెనపండ్లవంటి యీనెలును, బహుకేసరములైన తెల్లపూవును, ఏకబీజమైన గుండ్రని కాయయుఁ గలిసిన దేదో యదియే పున్నాగము. ఈ నాలుగు నొక్కచోటఁ గూడినపుడు పైని జెప్పిన నాలుగు చెట్లలో నొక్కటియు నిలువదు.

దేశసాక్ష్యము

లక్షణము వలనఁ గలిగిన నిర్ణయమును దేశమును బలపఱచుచున్నది. రఘువంశము నాలుగవసర్గమున రఘుని సేన సహ్యపర్వతము దాఁటి పశ్చిమసముద్రతీరమున నడచుచున్నది. మురళానది గాలికి మొగలిపుప్పొడి యెగసి భటుల కవచములపైఁ బడును. పిమ్మట ఖర్జూరవృక్షములకుఁ గట్టిన యేనుఁగుల మదగంధమునకు నాకర్షింపఁబడి తుమ్మెదలు పున్నాగములను విడిచి వానిమీఁద వ్రాలును. వెంటనే సముద్రుఁడు కప్పము చెల్లించిన ప్రసక్తి. అనఁగా మొగలితోడను సముద్రముతోడను పున్నాగమును గవి యేకదేశమున నిలిపెను. మఱియుఁ దుమ్మెదలు గుంపులుగా మూఁగవలెనన్నఁ బుప్పొడి పైకిఁ దెఱచియుండవలెను. పొన్న యట్టిది. కాడమల్లె గొట్టము పొడవైనది. రాత్రి తిరుగు పొడవుతొండపు చిమ్మటల కది తగియున్నది గాని తుమ్మెదలకుఁ గాదు. కవి చూపిన తుమ్మెదలే యీ వివాదమున సాక్షులు.

తమిళసంఘకాలపు కవులు భూమిని విభజించి వర్ణించునపుడు సముద్రతీరమైన నెయ్‌దల్‌భూమికి పున్నైవృక్షమును జేర్చిరి. చెన్నపురి మైలాపురమునఁ గపాలీశ్వరుని యాలయమున స్థలవృక్షము పున్నైయే. ఆ క్షేత్రమును సముద్రమునకు సమీపమున నున్నది. పొన్న తీరమునే యేల యాశ్రయించెనో దాని కాయ చెప్పుచున్నది. పెంకులో బెండువంటి పొర యుండుటచే నది నీటఁ దేలును. ఉప్పునీటఁ జాలదూరము కొట్టుకొనిపోయి చేరిన యొడ్డున మొలచును. ఆఫ్రికా తూర్పుతీరము మొదలుకొని పసిఫిక్ సముద్రద్వీపములవఱకు నిది కనఁబడుట కిదియుఁ గారణము. గబ్బిలములును కొంతదూరము కాయలను మోయును.

తెలుఁగునాఁట నీ చెట్టుపైఁ గల యాదరమున కొక నిదర్శనము పొన్నవాహనము. వైష్ణవాలయములలోఁ గొన్నిట బ్రహ్మోత్సవములయందు గోపికావస్త్రాపహరణఘట్టమును దలపించు నీ సేవ జరుగును. సంస్కృతభాగవతమున కృష్ణుఁ డెక్కినది నీపవృక్షము, అనఁగాఁ గడిమి. తెలుఁగువారు కడిమికి మాఱుగాఁ దమ తీరపు పొన్ననే దేవునకు నెలవుగాఁ గావించిరి. దేవవల్లభమను కోశనామ మిచట నాచారరూపమున సార్థకమైనది.

పాశ్చాత్యుల పరిశ్రమ

డచ్చివారి కొలువున మలబారు నేలిన వాన్ రీడ్ అను నధికారి యాదేశపు మొక్కలను బటములతో వర్ణింపించెను. పండ్రెండు సంపుటముల యా గ్రంథము హార్టస్ మలబారికస్ అను పేర 1678 మొదలు 1693 వఱకు నాంస్టర్డామున వెలువడెను. ఇట్టి అచ్యుతన్ అను మలబారువైద్యుఁడును, రంగభట్టు, వినాయకపండితుఁడు, అప్పుభట్టు అను కొంకణబ్రాహ్మణులును దానికిఁ దోడ్పడిరి. అందుఁ బొన్న తన దేశనామముతోడనే చేరియున్నది. పండితులును వైద్యులును చిత్రకారులును గూడిననే యిట్టి నిర్ణయము సాధ్యమగునని యా గ్రంథము చాటుచున్నది.

తెలుఁగుతీరమున నీ పని చేసినవాఁడు విలియం రాక్స్‌బరో. ఆయన యీస్టిండియా కంపెనీ వైద్యుఁడుగా వచ్చి, 1781 ప్రాంతము మొదలు కాకినాడ చేరువనున్న సామర్లకోటయందు నివసించి, దేశీయచిత్రకారులచేత మొక్కల పటములు వ్రాయించెను. 1793లోఁ గలకత్తా వృక్షోద్యానమునకుఁ బోయెను. కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన యాయన గ్రంథము మూఁడు సంపుటములుగా 1795 మొదలు ప్రకటితమై, మూఁడువందల పటములతోఁ బూర్తియయ్యెను. లాటినునామముల చెంత తెలుఁగుపేళ్లను గూడ నాయన వ్రాసియుంచుట మనకు మహోపకారము. ఆయన శాస్త్రజ్ఞుఁడైనను పేరు నడిగినది పల్లెవారినే.

భ్రాంతికారణము, ఫలము

అట్లైనచో మెట్టసీమలోఁ బున్నాగనామము కాడమల్లె కెట్లు సంక్రమించెను? కారణ మూహింపవచ్చును. నూజివీటినుండి బందరుతీర మాఱేడామడల దూరము. ఇచటఁ బొన్న సహజముగా మొలవదు. కావ్యములు చదివినవారి నోట పున్నాగశబ్దము నిలిచినది గాని దాని కాశ్రయమైన చెట్టు కంటి కెదుట లేకపోయినది. ఆశ్రయము లేని నామము పొడవును, తెలుపును, సౌరభమును గల క్రొత్తచెట్టును జేరినది. తీరమున మాత్రము పొన్న పొన్నగానే నిలిచినది. నామము చదువుకొన్నవారియందును వస్తువు చదువుకొననివారియందును మిగులుట యిచటి వింత.

జనులు పేరిడుటలోఁ బొరపడుదు రని దీనివలనఁ దలఁపరాదు. పదునాఱవ శతాబ్దమునఁ బోర్చుగీసువారు బ్రెజిలుదేశమునుండి తెచ్చిన చెట్టునకుఁ దెలుఁగువారు జీడిమామిడి యని పేరిడిరి. గింజపెంకులోని కాల్చు రసమును జూచి జీడి యనియు, చెట్టును బూవును జూచి మామిడి యనియుఁ గూర్చిరి. జీడి, మామిడి, జీడిమామిడి మూఁడును నొక్క కుటుంబమువని వృక్షశాస్త్రము చెప్పుచున్నది. ఆ యేకత్వము తెలుఁగు సమాసమునందే యిమిడియున్నది. కాడమల్లె యను పేరును నట్టిదే. పొడవైన కాడయే దాని లక్షణము. కన్నులతోఁ జూచి యిడిన పేళ్లు నిలిచినవి. చెవులతో విని యంటించిన పేరే తప్పినది.

ఈ విచారము పదములయందు మాత్రమే ముగియునది కాదు. పొన్ననూనె కీళ్లనొప్పులకును జర్మరోగములకును బైఁబూఁతగా వాడఁబడుచున్నది. నాగకేసరము లోనికి నిచ్చు మందులలోఁ జేరునది. అంగడిలో నాగకేసరమని సురపొన్న మొగ్గల నమ్ముటయుఁ గలదు. కేసర మను నొక్క పేరు నమ్మి మందు కూర్చు వైద్యునకు లక్షణజ్ఞాన మావశ్యకము. మఱియు 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదిని దివిసీమను ముంచిన యుప్పెనలో వేలకొలఁది ప్రాణములు పోయినవి. తీరమునఁ జెట్లు పెంపవలసిన యగత్య మాంధ్రులకుఁ దెలిసినది. పొన్న యుప్పుగాలిని సహించును, ఇసుకలో వేరూనును. కాడమల్లె కొయ్య పెళుసు. పెనుగాలికి విఱుగును. పున్నాగము సముద్రతీరవృక్షమని గ్రంథమునఁ జదివి, తప్పు చెట్టును దెచ్చి తీరమున నాటినచోఁ బొరపాటు నిఘంటువులో నుండిపోదు. గాలివానలో బయటపడును.

కావున పున్నాగమనఁగాఁ బొన్నయే. నాగకేసరము, సురపొన్న, సిందూరి, కాడమల్లె దానికంటె వేఱు. నిఘంటువులు కూర్చువారు వృక్షవిశేషమని విడువక ఆకు, పూవు, కేసరము, కాయ యను నాలుగిటిని జెప్పుట మేలు. బడిపండితులు పున్నాగపదము వచ్చినపుడు వాకిటి కాడమల్లెను గాక పొన్నయాకు నొకదానిని దెప్పించి, దాని యీనెలను శిష్యులకుఁ జూపుట మేలు. అట్టి యాకు నొకసారి చూచిన బాలుఁడు రఘువంశములోని తుమ్మెదలను మఱవఁడు. విజ్ఞులు పరిశీలింతురు గాక.